నలభై ఐదు నిమిషాల రేవు

ఒక నగరం ఎంత గొప్పదో తెలియాలంటే అక్కడి నది ఒడ్డున జనం ఎంతసేపు ఊరికే కూర్చుంటారో కొలవాలి. ఈ సంగతి నాకు ఉద్యోగంలో చేరిన ఏడాదికి తెలిసింది. అంతకుముందు నేను మంచినీళ్ళు, మురుగు కాలవలు, సిటీ బస్సులు చూసి అంచనా వేసేవాణ్ణి. ఎంత చదువుకున్నా కొన్ని పొరపాట్లు ఉండిపోతాయి.

ముత్యాలరేవు నగరపాలక సంస్థలో నదీతీర నవీకరణ మరియు సమగ్ర రవాణా విభాగం అని ఒకటుంది. అందులో నేను సర్వే సహాయకుణ్ణి. కాంట్రాక్టు ఉద్యోగం. మాది నది నడుమనున్న కాకరలంక. మా లంకలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ప్రస్తుతానికి ఆఖరివాణ్ణి కూడా నేనే. పడవెక్కి వచ్చి చదువుకున్నాను, పడవెక్కే ఉద్యోగానికి వస్తున్నాను. లంకలో అందరూ పూలు పండిస్తారు. తొలిపడవలో మా ఆడవాళ్ళు కనకాంబరాల బుట్టలు, లిల్లీల మూటలు పట్టుకుని దిగి, రేవు మెట్లెక్కి, ఏడింటికల్లా పూల మార్కెట్టుకి చేరాలి. ఏడు దాటితే వేలంపాట అయిపోతుంది. ఎనిమిది దాటితే పువ్వు తల వాల్చేస్తుంది.

మా డైరెక్టరు చక్రపాణి గారు అప్పుడే ఒక సదస్సుకి వెళ్ళివచ్చారు. మెడలో ఆ సదస్సు తాలూకు పట్టీ ఇంకా తియ్యలేదు. నన్ను పిలిచి కూర్చోమన్నారు.

“కోటిలింగం, రవాణా అంటే ఏమిటి?”

“మనుషులు ఒకచోటినుంచి ఇంకోచోటికి వెళ్ళడమండి.”

“అది పాతబడిన నిర్వచనం. మనిషి ఎక్కడికీ వెళ్ళాలనిపించకుండా ఉన్నచోటనే ఉండిపోగలగడం, అదీ నవీన రవాణా. దాన్నే స్థిరత్వం అంటారు. రాసుకో.”

రాసుకున్నాను.

రాజధానిలో ఒక ఉన్నత స్థాయి సంఘం ఉంది. ఏ నదీతీరమైనా సరే, అక్కడికి వచ్చిన ప్రతి మనిషీ సగటున నలభై ఐదు నిమిషాలు నిలవాలని ఆ సంఘం మార్గదర్శకాలు ఇచ్చింది. మా రేవుకి అప్పటికే నల్లరాయి పరిచారు, స్టీలు కమ్మీలు బిగించారు, ఇనప గొడుగుల కింద బెంచీలు వేశారు. గడువు మూడు నెలలు. మూడో నెల సగటు నలభై ఐదు నిమిషాలు వస్తే రేవు ఇక్కడే ఉంటుంది, కొత్త పడవలు రెండు వస్తాయి. రాకపోతే ఆ ప్రదేశాన్ని ‘కేవల దారి’గా ప్రకటించి, పడవల రేవుని దిగువన సిమెంటు గోదాముల దగ్గరికి మార్చేస్తారు. అక్కడినుంచి పూల మార్కెట్టుకి పదకొండు కిలోమీటర్లు. రెండు ఆటోలు మారాలి. పాట మాత్రం ఏడింటికే.

అంటే మా లంక పూలు మార్కెట్టు మొహం చూడటం చూడకపోవడం నా సర్వే కాగితం మీద ఆధారపడి ఉంది.

మొదటి వారం చాలా శ్రద్ధగా లెక్క తీశాను. రోజుకి తొమ్మిది వందల మంది పడవ దిగుతున్నారు, ఎక్కుతున్నారు. ఒక్కొక్కరూ రేవులో ఉండేది నాలుగు నిమిషాలు. సాయంత్రం షికారుకొచ్చేవాళ్ళని కలిపితే సగటు ఆరు నిమిషాలకి చేరింది.

డైరెక్టరుగారు కాగితం చూసి కళ్ళజోడు తీశారు.

“వీళ్ళు ఎందుకు ఆగటంలేదు?”

“పని ఉందండి.”

“అదే మన నగరానికి పట్టిన వ్యాధి,” అన్నారు ఆయన బాధగా.

మర్నాడు మెట్ల దగ్గర ‘ఆగుము, ఆస్వాదింపుము’ అని బోర్డు పెట్టారు. వీణ పాటలు వేశారు. మా మేనత్త పల్లాలమ్మ ఆ బోర్డు ముందు బుట్ట దింపకుండానే నిలబడి నన్ను పిలిచింది.

“ఒరే అల్లుడా, ఏటి రాశారందులో?”

“కాసేపు కూర్చుని గోదారి చూడమని అత్తా.”

“ఆయ్, పుట్టిందగ్గర్నించీ సూత్తానే ఉన్నాను. మీ డైరెట్టరుగారితో సెప్పు, నేను కూకుంటాను గానీ కనకాంబరాలు కూకోవని.”

ఆ మాట నేను సర్వే ఫారంలో ‘ప్రజాభిప్రాయం’ గడిలో రాశాను. డైరెక్టరుగారు దాన్ని కొట్టేసి ‘అవగాహన లోపం’ అని రాశారు.

పదిహేను రోజులు పోయాక గేట్లు వచ్చాయి. పడవ దిగినవాళ్ళు రేవులోకి రావాలన్నా, ఊళ్ళోంచి వచ్చి పడవెక్కాలన్నా ఒక గేటులో చీటీ తీసుకోవాలి. చీటీ మీద నేను టైము ముద్ర వేస్తాను. బయటికిపోయే గేటు ముద్ర పడిన నలభై ఐదు నిమిషాల తర్వాతే తిరుగుతుంది. ప్రారంభోత్సవంలో డైరెక్టరుగారు మాట్లాడుతూ, ఇది నిర్బంధం కాదనీ, ఇది ప్రజలకీ నదికీ మధ్య తెగిపోయిన అనుబంధాన్ని సమయబద్ధంగా పునరుద్ధరించడమనీ చెప్పారు. రిబ్బను కత్తిరించాక ఆయన బయటికి వెళ్ళబోతే గేటు తిరగలేదు. కమ్మీ దూకి వెళ్ళారు. ప్రారంభకులకు చీటీ వర్తించదని ఆ సాయంత్రమే సర్క్యులరు వచ్చింది.

మొదటిరోజు రేవు నిండిపోయింది. అవతలి లంకల బడుల్లో పనిచేసే టీచర్లు ఎనిమిది మంది బెంచీల మీద కూర్చుని కాపీలు దిద్దారు. పెళ్ళి చేయించడానికి పోతున్న ఒక పురోహితుడుగారు గేటు మీద చెయ్యివేసి, ముహూర్తానికి ఇంక పదకొండు నిమిషాలే ఉందని బతిమాలారు. నేను డైరెక్టరుగారికి ఫోను చేశాను.

“సదరు ముహూర్తాన్ని ముప్పై నాలుగు నిమిషాలు సవరించుకోవలసిందిగా సంబంధిత కుటుంబానికి సూచించగలవు,” అన్నారు ఆయన.

“సవరించుకోరటండి.”

“ప్రణాళికా లోపం. మనది కాదు.”

మా అత్తకి ఆరోజు పాట అందలేదు. ఏడున్నరకి బయటపడి, మార్కెట్టు దాకా వెళ్ళి, నిండు బుట్టతో తిరిగొచ్చింది. బెంచీ మీద కూర్చుని ఆ కనకాంబరాలన్నీ దండలు కట్టింది. మిగతా ఆడవాళ్ళూ కట్టారు. తర్వాత లేచి వెళ్ళి గేటుకి మూడు వరసలు దండలు వేసి, పసుపు పూసి, దణ్ణం పెట్టింది.

“ఇదేంటత్తా?”

“మొక్కుకున్నాన్రా. అడిగితే తియ్యట్లేదు, తిడితే తియ్యట్లేదు. ఇంక దేవతే గదా!”

చుట్టూ ఉన్నవాళ్ళు ఒకటే నవ్వు. అప్పుడే వచ్చిన డైరెక్టరుగారు ముచ్చటపడి ఫొటో తీయించుకున్నారు. ‘ప్రజలు తమంత తామే ముందుకొచ్చి సదుపాయాన్ని అలంకరించిన వైనం’ అని అది నివేదికకి అట్టబొమ్మ అయింది.

నవ్వు నవ్వే గానీ, నాలుగురోజులు వరసగా పూలు వెనక్కి వచ్చాయి. అయిదోరోజు అత్త పడవలో నా పక్కన కూర్చుంది.

“నువ్వు డిగ్రీ సదివితే మన రేవుకి మంచిరోజులొత్తాయనుకున్నాంరా. నువ్వేమో ముద్దరలేత్తన్నావు.”

“నా పని అది అత్తా. రేవు ఇక్కడే ఉండాలంటే సగటు రావాలి.”

“సగటంటే ఏట్రా?”

చెప్పాను. కొందరు ఎక్కువసేపు ఉంటే, కొందరు తక్కువసేపు ఉన్నా, అందర్నీ కలిపి పంచితే వచ్చేది అని చెప్పాను.

“అంటే మాకు బదులు ఇంకోడు కూకుంటే సాలా?”

నేను చదివిన మూడేళ్ళ చదువులో అంత సూటిగా సగటుని ఎవరూ అర్థం చేసుకోగా చూడలేదు. ఆఫీసుకి పరిగెత్తి లెక్క వేశాను. ఒక మనిషి ఉదయం ఆరునుంచి మధ్యాహ్నం మూడుదాకా తొమ్మిది గంటలు కదలకుండా కూర్చుంటే, పన్నెండుమంది నాలుగేసి నిమిషాల్లో దాటిపోవచ్చు. సగటు నలభై ఐదుకి తగ్గదు. తొమ్మిది వందల మందికి డెబ్భై ఐదుమంది కూర్చునేవాళ్ళు కావాలి.

డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచి నా చెయ్యి పట్టుకున్నారు. సాయంత్రానికి ఉత్తర్వు తయారైంది: ‘అత్యవసర పనులుగల పన్నెండుమంది పౌరులు ఒక స్థిర సందర్శకుని అనుబంధంగా పొంది, గేటు మినహాయింపునకు అర్హులగుదురు. స్థిర సందర్శకుడు మధ్యలో లేచినచో అతని అనుబంధ పౌరుల మినహాయింపు తక్షణమే రద్దగును.’

ఇక తొమ్మిది గంటలు కదలకుండా కూర్చునే మనుషులు ఎక్కడ దొరుకుతారన్నది ప్రశ్న. ముత్యాలరేవులో అలాంటివాళ్ళు ఉండేవాళ్ళు. వలలు బాగుచేసుకునే జాలర్లు తరతరాలుగా ఈ మెట్ల మీదే కాళ్ళు చాపుకుని, కాలి బొటనవేలికి వల తగిలించుకుని పొద్దస్తమానం కూర్చునేవాళ్ళు. నల్లరాయి పరిచేటప్పుడు వాళ్ళని మా విభాగమే లేపేసింది. నోటీసు నా దస్తూరీయే. అందులో కారణం ‘ప్రజాస్థలంలో దీర్ఘకాలము కూర్చుండుట’ అని ఉంది.

వాళ్ళిప్పుడు మా లంక ఒడ్డున కూర్చుంటున్నారు. వాళ్ళ పెద్ద పేరు కాముడు. డైరెక్టరుగారు బూట్లు చేత్తో పట్టుకుని ఇసకలో నడిచి అతని ముందు నిలబడ్డారు. కాముడు వల మీంచి తల ఎత్తలేదు.

“మీ సేవలు నగరానికి అవసరపడ్డాయి,” అన్నారు డైరెక్టరుగారు.

“ఏం సేవండి?”

“వచ్చి కూర్చోవాలి.”

“కూకున్నామనే గదండీ లేపేశారు?”

“అప్పుడు మీరు ఆక్రమణ. ఇప్పుడు మీరు స్థిరత్వం.”

కాముడు వల పక్కన పెట్టి నావైపు చూశాడు. “ఏం బాబూ, తేడా ఏటంటారు?”

“అప్పుడు కాగితంలేదు. ఇప్పుడు కార్డు ఇస్తారు,” అన్నాను.

“వల తెచ్చుకోవచ్చా మరి?”

డైరెక్టరుగారు ఇబ్బందిపడ్డారు. మార్గదర్శకాల ప్రకారం పని చేసుకునేవాడు సందర్శకుడు కాడు. ఆహ్లాదం కోసం వచ్చినవాడే సందర్శకుడు. చాలాసేపు చర్చించాక, వలలో చేప లేనప్పుడు వల బాగుచెయ్యడం ఆహ్లాదమే అవుతుందని తేల్చారు. అయితే గంటకోసారి ఒక తనిఖీ ఉద్యోగి వచ్చి ఆహ్లాదాన్ని పరిశీలిస్తాడు.

“మీరు ఆహ్లాదంగా ఉన్నారా?” అని అడిగేవాడు ఆయన.

“ఉన్నానండి.”

“మొహంలో కనిపించటంలేదు.”

“పొద్దున్నించీ మూడుసార్లు కనపరిచానండి. మళ్ళీ మధ్యాన్నం కనపరుత్తాను.”

అలా డెబ్భై ఐదుమంది జాలర్లు మెడలో కార్డులతో తమ పాత మెట్ల మీదికే తిరిగొచ్చారు. కాముడికి మా అత్తనీ, ఆమె తోటి పదకొండుమందినీ అనుబంధించారు. ఆ రోజునుంచి పూలు ఏడింటికి ముందే మార్కెట్టుకి చేరాయి.

రెండోనెల చివరికి ఒక చిక్కు వచ్చింది. టీకొట్టు గేటు బయట ఉంది. కాముడు టీ తాగడానికి లేచాడంటే అతని లెక్క అక్కడితో తెగి, పన్నెండుమంది ఆడవాళ్ళు గేటు దగ్గర ఆగిపోయేవాళ్ళు. టీకొట్టుని లోపలికి తెద్దామంటే అది వాణిజ్యం, ఆక్రమణ. ఆ చిక్కు పరిష్కరించడానికి డైరెక్టరుగారు ఒక ఉపసంఘం వేశారు. ఉపసంఘం మొదటి సమావేశం అయ్యేలోపల మా అత్త పరిష్కరించేసింది. తొలిపడవలో ఒక కేను టీ, అరిటాకులో పెసరట్లు వచ్చేవి.

“కాముడన్నా, ఇంద, తిను. లేచావంటే సూడు.”

“సెల్లెమ్మా, ఇది నాలుగోది.”

“పన్నెండు మందిమి ఉన్నాం. ఇంకా ఎనిమిది రావాలి.”

“కాలు తిమ్మిరెక్కిందే!”

“కాలేగా. రత్నం, ఆ కాలు కొంచెం నొక్కవే అన్నకి!”

జాలర్లందరూ నెలలో ఒళ్ళు చేశారు. తనిఖీ ఉద్యోగి రిపోర్టులో ఆహ్లాదం పెరిగిందని రాశాడు. జీవితంలో మొదటిసారి ఎవరో తమని కూర్చోమని బతిమాలుతున్నారని వాళ్ళూ కాస్త బెట్టు చేసేవాళ్ళు. ఒకాయన ఉప్మా అయితేనే కూర్చుంటానన్నాడు. ఇంకొకాయనకి అనుబంధంగా ఉన్న టీచర్లు వంతులవారీగా పేపరు చదివి వినిపించేవాళ్ళు.

మూడోనెల ఆఖరి రోజు రాజధానినుంచి ఉన్నత స్థాయి సంఘం వచ్చింది. పన్నెండుమంది సభ్యులు. అధ్యక్షులు నీలకంఠేశ్వర వర్మగారు. ముందురోజుదాకా నేను తీసిన సగటు సరిగ్గా నలభై ఐదు. దాని పక్కన చుక్క, చుక్క పక్కన రెండు సున్నాలు. సంఘం చేతిలో రెండు ఉత్తర్వులు టైపు చేసి సిద్ధంగా ఉన్నాయి: రేవు ఇక్కడే ఉంటుందని ఒకటి, గోదాములకి మారుతుందని ఒకటి. ఏదో ఒకదానిమీద సంతకం పెట్టాలి.

సభ్యులు పదకొండు గంటలకి గేటులోకి వచ్చారు. నేను పన్నెండు చీటీలకీ ముద్ర వేశాను. వాళ్ళు రెండు బెంచీలు చూశారు, ఒక జాలరిని నవ్వమని ఫొటో తీసుకున్నారు, “అద్భుతం, సంతకం కారులో పెడతాను,” అని అధ్యక్షులవారు అన్నారు. పదినిమిషాల్లో అందరూ బయటి గేటు దగ్గర ఉన్నారు.

గేటు తిరగలేదు.

“ఏమయ్యా, తెరువు,” అన్నారు అధ్యక్షులు.

“ఇంకా ముప్పై ఐదు నిమిషాలుందండి.”

“పన్నెండింటికి ఇంకో నగరంలో మాకు సమావేశం ఉంది! చక్రపాణీ, ఏమిటిది?”

డైరెక్టరుగారి నుదురు తడిసిపోయింది. “ప్రారంభకులకు మినహాయింపు ఉందండి. పరిశీలకులకు... ఉత్తర్వులో పెట్టడం మరిచాం.”

“కమ్మీ దూకించెయ్యండి.”

“దూకినా చీటీ లెక్కలోకి వచ్చేసిందండి,” అన్నాను నేను. చెప్పడం నా బాధ్యత. “పన్నెండుమంది పది నిమిషాల్లో వెళ్ళిపోతే సగటు నలభై నాలుగు పాయింటు తొంభై ఎనిమిదికి పడుతుందండి. అప్పుడు రెండో ఉత్తర్వుమీద సంతకం పెట్టాలి.”

“దాన్ని నలభై ఐదు అనుకుంటే పోతుంది కదా?”

“సగటును పైకి సవరించరాదని మార్గదర్శకాల్లో ఉందండి. నాలుగో పేరా.”

“అసలు ఈ నలభై ఐదు ఎవరు పెట్టారు?” అని అరిచారు ఆయన.

కార్యదర్శి దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు. “తమరేనండి. తమరు ఉదయం నడిచేది నలభై ఐదు నిమిషాలు కదా అని...”

అధ్యక్షులవారు గేటుని ఇంకోసారి తోసి చూశారు. స్థిర సందర్శకులెవరైనా ఖాళీగా ఉన్నారా అని అడిగారు. డెబ్భై ఐదుమందీ అనుబంధమైపోయారని చెప్పాను. సరిగ్గా అప్పుడే మార్కెట్టునుంచి ఖాళీ బుట్టలతో మా అత్త, ఆమె పదకొండుమందీ లోపలికి వచ్చారు. వాళ్ళకీ ముద్రలు వేశాను. పదకొండుంబావు పడవ రేవులో సిద్ధంగా ఉంది. పడవ నడిపే సరంగు ధర్మయ్య గంట కొడుతున్నాడు.

“ఏట్రా అల్లుడా, పెద్దోళ్ళంతా దడికి తగులుకున్నారు?”

చెప్పాను. ఆవిడ పదినిమిషాల మనుషులు పన్నెండుమందినీ వేలితో లెక్కపెట్టింది. తన వెనకున్న ఆడవాళ్ళనీ లెక్కపెట్టింది.

“ఒక్కొక్కరికీ ఒక్కొక్కళ్ళం కూకుంటే ఎంతసేపవుద్ది?”

లెక్క వేశాను. “మీ నలభై ఐదూ, వాళ్ళ ముప్పై ఐదూ కలిపి గంటా ఇరవై నిమిషాలు.”

“బాబుగారూ,” అంది ఆవిడ అధ్యక్షులవారితో, “మేం కూకుంటాం. మీరు సుబ్బరంగా ఎల్లిపోండి. కానీ మా పడవెల్లిపోద్ది. ఇంకో పడవ ఇక్కడికే వత్తాదని తెలిస్తేగదా మేం కూకునేది! ఆ కాయితమేదో ఇక్కడే రాసెయ్యండి.”

“ఏమిటీవిడ మాట్లాడేది?” అన్నారు ఆయన.

“ప్రజాభాగస్వామ్యమండి,” అన్నారు డైరెక్టరుగారు గబగబా.

అధ్యక్షులవారు వాచీ చూసుకున్నారు. కాముడి పక్కన మెట్టు మీద కాగితం పరిచి, మొదటి ఉత్తర్వుమీద సంతకం చేశారు. కార్యదర్శి సీలు వేశాడు. మా అత్త చదువుకోలేదు కాబట్టి ఆ కాగితం నా చేతికిచ్చి, “ఇక్కడే అని ఉందా?” అని రెండుసార్లు అడిగింది. ఉందని రెండుసార్లు చెప్పాను. పన్నెండుమంది అధికారులకీ పన్నెండుమంది పూలమ్మేవాళ్ళని అనుబంధించి చీటీలు రాశాను. అధికారులు ఒక్కొక్కరుగా బయటపడి కార్లవైపు పరిగెత్తారు. వాళ్ళు వెళ్ళిన పదినిమిషాలకే, గేట్ల విధానాన్ని రాష్ట్రంలోని నదీతీరాలన్నింటికీ విస్తరించాలని అధ్యక్షులవారు కారులోంచే సిఫారసు చేసినట్టు డైరెక్టరుగారికి ఫోను వచ్చింది. ఒక సవరణ మాత్రం ఉంది: పరిశీలకులకు మినహాయింపు.

ఆడవాళ్ళు ఇనప గొడుగు కింద వరసగా కూర్చున్నారు. పదకొండుంబావు పడవ వెళ్ళిపోయింది. మొదట అందరికీ ఏం చెయ్యాలో తోచలేదు. బుట్టలు సర్దుకున్నారు, కొంగులు సర్దుకున్నారు. తర్వాత రత్నం ఏదో అంది, నవ్వులు మొదలయ్యాయి. మా అత్త కాళ్ళు చాపింది. ఎండ నీళ్ళమీద పడి అవతల మా లంక, బంతితోటల పసుపు గీతతో సహా, స్పష్టంగా కనిపిస్తోంది.

“ఒరే, మనూరు ఇటేపునించి ఇలాగుంటాదేట్రా?” అంది.

“రోజూ ఇక్కణ్ణుంచే కదత్తా వెళ్తావు?”

“ఎల్తాను. సూడ్డం ఎప్పుడూ?”

పన్నెండున్నరకి అందరి చీటీలూ పూర్తయ్యాయి. వెళ్ళొచ్చని చెప్పాను. పడవ వచ్చి ఆగింది. కొందరు లేచి వెళ్ళి ఎక్కారు. అత్త కదల్లేదు. ధర్మయ్య తాడు విప్పబోతూ కేకేశాడు.

“పల్లాలమ్మక్కా, వత్తన్నావా లేదా?”

ముప్పై ఏళ్ళుగా ఆవిడ పడవ కోసం పరిగెత్తడమే నేను చూశాను, మా నాన్న చూశాడు, ధర్మయ్య చూశాడు. ఆవిడ కేను వంచి మిగిలిన టీ గ్లాసులో పోసుకుంది.

“నువ్వెల్లరా ధర్మయ్యా,” అంది. “ఇంకోటుంటాది గదా, దానికొత్తాను.”